పందొమ్మిది నెలలు, ఆరు మాటలు: ఆగాలా, చూపించాలా?

మబ్బుచెల్లెలు | ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా బాబుకి ఈ వారంతో 19 నెలలు నిండాయి. వాడి మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ, తాత, బా (బంతి అని), దా, పో, అయ్యో. అంతే. వాడికంటే రెండు నెలలు చిన్నదైన మా తోటికోడలి పాప "నాన్న ఏడీ", "ఇంకా కావాలి" అంటుంటే పైకి నవ్వుతున్నాను గానీ లోపల గుండె జారిపోతోంది.

మనం చెప్పేది వాడికి అర్థమవుతుందనే నా నమ్మకం. "బూట్లు ఏవి నాన్నా?" అంటే తలుపు దగ్గరికి పోయి ఒకటి పట్టుకొస్తాడు. రెండోదాని కోసం నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు.

ఇంట్లో తలా ఒక మాట. మగపిల్లలకి ఆలస్యమే అంటారు ఒకరు. నేను వాడితో సరిగ్గా మాట్లాడకపోవడం వల్లే అంటారు ఇంకొకరు. ఆ మాట విన్న రోజు నిద్ర పట్టలేదు. ఆగనా? ఎవరికైనా చూపించనా?

అమ్మమ్మకబుర్లు | ఆదివారం, రాత్రి 11:48

కంగారు పడకు తల్లీ. మా రెండోవాడు రెండున్నరేళ్ళ దాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత వాడి నోరు మూయించడానికి మాకు దినదినగండం అయ్యింది. చెప్పింది అర్థమవుతోంది కదా, మాట అదే వస్తుంది. నలుగురు నాలుగు అంటారు, అన్నీ మనసులో పెట్టుకోకు.

ఇద్దరబ్బాయిలనాన్న | సోమవారం, ఉదయం 6:35

అమ్మమ్మ గారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ ఈ "అదే వస్తుంది" అన్న మాట దగ్గర నేను ఊరుకోలేను. మా పెద్దవాడికి అందరూ ఇదే చెప్పారు, మేమూ నమ్మాం.

20 నెలలప్పుడు ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు వాడి వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు. వాడు తిరిగి చూశాడు. "చెవులు బాగున్నాయి, వెళ్ళండి" అన్నారు. అంతే పరీక్ష. మరో ఆరు నెలలు పోయాక ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించే నిపుణులు) దగ్గరికి వెళ్తే తేలింది, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉందని. జలుబు చేసినప్పుడల్లా అది పెరిగేదట. చప్పట్లు వినపడతాయి, కుక్క మొరిగితే వినపడుతుంది. మాటలోని స, ఫ, త లాంటి సన్నని శబ్దాలు మాత్రం నీళ్ళలో మునిగి విన్నట్టు ఉంటాయి. అలా వింటే మాట ఎలా నేర్చుకుంటాడు?

మమ్మల్ని మోసం చేసింది ఒకటే: వాడు ఒక్కోసారి పలికేవాడు. పిలిస్తే అసలే పలక్కపోతే మొదటి నెలలోనే పరిగెత్తేవాళ్ళం. ఒకరోజు తిరుగుతాడు, ఒకరోజు తిరగడు. ఆటలో మునిగిపోయాడనుకున్నాం, మొండితనం అనుకున్నాం. ఒకసారి కోప్పడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి.

మూడు నెలలు చూశారు, నీరు తగ్గలేదు. కర్ణభేరిలో చిన్న గొట్టాలు పెట్టారు. ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు, బాగా మాట్లాడతాడు. అయినా ఆ ఆరు నెలలు నాకు తిరిగి రావు. మబ్బుచెల్లెలు గారూ, ముందు వినికిడి పరీక్ష చేయించండి. మిగతా చర్చ తర్వాత.

ధ్వనిపాఠం | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. పిల్లలతో పనిచేయడం మొదలుపెట్టి 14 ఏళ్ళు. పిల్లాణ్ణి చూడకుండా ఇక్కడ ఏమీ తేల్చలేను, కానీ నా దగ్గరికి వస్తే మొదటి పది నిమిషాల్లో అడిగేవి అడుగుతాను.

పుట్టినప్పుడు వినికిడి పరీక్ష చేశారా? ఏదైనా కావాలన్నా, వింత కనపడినా వేలు పెట్టి చూపిస్తాడా? చూపించాక మీ వంక తిరిగి, మీరూ చూశారా లేదా అని చూస్తాడా? (నాకు ఇది మాటకంటే ముఖ్యం.) మీరు చేసింది అనుకరిస్తాడా? ఏడాది లోపు బాబాబా, దాదాదా అంటూ గుక్క తిప్పుకోకుండా పలికేవాడా? వచ్చిన మాట ఏదైనా పోయిందా?

నాన్న గారు చెప్పింది అక్షరాలా నిజం. చప్పట్లు పరీక్ష కాదు. పిల్లాడు శబ్దం విని కాక, గాలి కదలికకో నీడకో కూడా తిరగొచ్చు. పుట్టినప్పుడు పరీక్షలో పాసైనా సరే, మాట ఆలస్యమైతే మళ్ళీ చేయించాలి. తర్వాత వచ్చే వినికిడి లోపాన్ని, చెవిలో చేరే నీటిని ఆ పాత కాగితం చెప్పదు.

మబ్బుచెల్లెలు | సోమవారం, రాత్రి 9:55

అడిగినందుకు కృతజ్ఞతలు. పుట్టినప్పుడు చేశారు, పాస్ అన్నారు. ఆ తర్వాత చెయ్యలేదు. వేలు పెట్టి చూపించడం 13వ నెల నుంచీ ఉంది. విమానం పోతే వేలు పైకెత్తి, నేను చూసేదాకా "ఊఁ! ఊఁ!" అంటాడు. నేను చూసి "అవును నాన్నా, విమానం" అన్నాకే వేలు దించుతాడు. నేను దువ్వుకుంటే దువ్వెన లాక్కుని వాడూ దువ్వుకుంటాడు. పోయిన మాటలు లేవు. జలుబు మాత్రం ఈ మధ్య మూడుసార్లు చేసింది.

ధ్వనిపాఠం | సోమవారం, రాత్రి 10:30

ఆ విమానం సంగతి చదివి నాకు చాలా ఊరట కలిగింది. కావాల్సినదాని కోసం చెయ్యి చాపడం వేరు, "నేను చూసింది నువ్వూ చూడు" అని చూపించడం వేరు. రెండోది ఉన్న పిల్లాడికి సంభాషణ అంటే ఏమిటో తెలుసు. మాట అనే పనిముట్టు ఇంకా చేతికి రాలేదు, అంతే.

ఇక లెక్క. మీరు ఆరు అన్నారు, తక్కువ లెక్కపెట్టారని నా అనుమానం. పెద్దవాళ్ళు పలికినట్టే పలకాలని లేదు. ఒకే శబ్దాన్ని, ఒకే అర్థంతో, తనంతట తాను, వేర్వేరు సందర్భాల్లో వాడితే అది మాటే. "బా" బంతి అయితే మాట. ఆవుని చూసి "అంబా" అంటే మాట. కారుని చూసి "బుర్ర్" అంటే మాట. మీరు చెప్పించాక చిలకలా అన్నది మాత్రం ఇంకా లెక్కలోకి రాదు. వారం రోజులు ఒక కాగితం ఎదురుగా పెట్టుకుని, విన్నది విన్నట్టు రాయండి. ఎప్పుడు, దేన్ని చూసి అన్నాడో కూడా.

అంకె పెరిగిందని పరీక్ష మానొద్దు. రెండూ చెయ్యండి.

కొత్తతల్లి | మంగళవారం, తెల్లవారు 4:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి నాలుగు నెలలు. ఈ వేళప్పుడు లేచి "ఉంగా ఉంగా" అంటుంది. నాకేమో దానితో ఏం మాట్లాడాలో తెలియదు. ఏమీ అర్థంకాని పసిగుడ్డుకి కబుర్లు చెప్తే ఉపయోగం ఉంటుందా?

పదనిసలు | మంగళవారం, ఉదయం 8:40

ఉంటుంది, మీరు ఊహించనంత ఉంటుంది. నేను భాషాశాస్త్రం చదువుకున్నాను, పసిపిల్లల భాషంటే నాకు ప్రాణం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ పాప కడుపులో ఉన్నప్పుడే వినడం మొదలుపెట్టింది. మాటలు స్పష్టంగా కాదు, మీ గొంతులోని హెచ్చుతగ్గులు. 1980లో చేసిన ఒక ప్రయోగంలో, పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు పరాయి ఆడగొంతుకంటే తల్లి గొంతు వినడానికే ఇష్టపడ్డారు. నోట్లో పెట్టిన పాలపీకని ఒక పద్ధతిలో చీకితే అమ్మ గొంతు, ఇంకో పద్ధతిలో చీకితే వేరే ఆమె గొంతు వినపడేలా అమర్చారు. అమ్మ గొంతు వచ్చేలా చీకడం నేర్చుకున్నారు!

దాదాపు నాలుగున్నర నెలలకి తన పేరుని, అలాగే వినిపించే వేరే పేర్ల నుంచి వేరు చేసి వింటారు. అది తనే అని తెలుసని కాదు, ఆ ధ్వని పరిచయమని. అంటే మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ గుమ్మంలో ఉంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. మన ట, త ఉన్నాయి కదా. నాలుక వెనక్కి మడిచి ట, పళ్ళకి ఆనించి త. ఇంగ్లీషులో ఈ తేడాతో అర్థం మారదు, అందుకే ఆ భాష పెద్దవాళ్ళకి రెండూ ఒకటిగానే వినపడతాయి. జానెట్ వెర్కర్ బృందం 1984లో ప్రచురించిన పనిలో, ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లలకి హిందీలోని ట, త వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు. 10 నుంచి 12 నెలలకి వచ్చేసరికి ఆ పని చేయగలిగినవాళ్ళు బాగా తగ్గిపోయారు. హిందీ వింటూ పెరిగిన పిల్లలు మాత్రం ఆ వయసులోనూ పట్టారు. ఏ భాష శబ్దమైనా వినగలిగే చెవితో పుట్టి, మొదటి పుట్టినరోజు లోపలే తన ఇంటి భాషకి ఆ చెవిని శ్రుతి చేసుకుంటారన్నమాట. ఒక్క మాటైనా అనకముందే ఇంత పని జరిగిపోతుంది.

ఇంకోటి. మనం మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. "బంతిక్కడుందిచూడు" అని ఒక్క ఊపున అంటాం. అందులో "బంతి" ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పసివాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తోందో వాళ్ళు లోలోపల లెక్క కడతారు. "బం" తర్వాత "తి" మాటిమాటికీ వస్తుంది, "తి" తర్వాత ఏదైనా రావచ్చు. 1996లో జెన్నీ సఫ్రాన్ బృందం అర్థంలేని కృత్రిమ మాటల్ని ఆపకుండా రెండే రెండు నిమిషాలు వినిపిస్తే, 8 నెలల పిల్లలు ఏవి మాటలో ఏవి కావో వేరు చేశారు.

అందుకే చెప్తున్నాను, మాట్లాడండి. పాప "ఉంగా" అంటే మీరూ "ఉంగానా? అలాగా!" అనండి. అని ఆగండి. దాని వంతు వచ్చేదాకా చూడండి. ఆ ఆగడమే అసలు కిటుకు.

కొత్తతల్లి | మంగళవారం, ఉదయం 9:05

ఇప్పుడే చేశాను. "అలాగా!" అని ఆగాను. కాసేపు నా నోటి వంకే చూసి, కాళ్ళు ఝాడించి, "గూఁ" అంది. ఇన్నాళ్ళూ నేను ఆగకుండా నా మాట నేను చెప్పుకుపోయేదాన్ని.

రెండుభాషలిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 3:22

మాది రెండు భాషల ఇల్లు. నేను ఒకటి, మా వారు ఒకటి. పాపకి 20 నెలలు. "ఒక భాష మానేయండి, బుర్ర గందరగోళమైపోతుంది, అందుకే మాటలు రావట్లేదు" అని ఒకరు గట్టిగా చెప్పారు. ఇది నిజమా? నా భాష మానేస్తే దానికి పాట పాడేది ఎలా?

ధ్వనిపాఠం | మంగళవారం, సాయంత్రం 5:40

మానొద్దు. దయచేసి మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. ఒక్కో భాషలో మాటల సంఖ్య, అదే భాష ఒక్కటే నేర్చే పిల్లలకంటే తక్కువ ఉండొచ్చు. రెండూ కలిపి లెక్కపెట్టాలి. అలా కలిపి చూస్తే ఒక భాష పిల్లలతో సమానంగానే ఉంటారని 1993 నాటి అధ్యయనంలోనే చూపించారు. ఒకే వాక్యంలో రెండూ కలిపేయడం కూడా గందరగోళం కాదు, చేతికి అందిన మాట వాడుకోవడం. తల్లి తనకి బాగా రాని భాషలో ముక్తసరిగా మాట్లాడటం కంటే, మనసారా వచ్చిన భాషలో మాట్లాడటమే పిల్లకి మేలు.

కానీ ఇదీ చెప్పాలి: "రెండు భాషలు కదా, అందుకే ఆలస్యం" అని సర్దుకుని పరీక్ష వాయిదా వేయడం కూడా తప్పే.

చేతిమాట | మంగళవారం, రాత్రి 8:12

నాకు చెవులు వినపడవు. మా వారికీ అంతే. మా పాపకి వినపడుతుంది. ఇంట్లో మా భాష సైగల భాష. చిన్నప్పుడు పాప వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచి ఒక లయలో ఆడించేది. ఊరికే ఆడుకుంటోంది అనుకున్నారు మా బంధువులు. నాకు తెలుసు, అది చేతులతో "బాబాబా". చెవిటి పిల్లలు సైగల భాష చూస్తూ పెరిగితే చేతులతో ఇలా పలుకుతారని 1991లోనే ప్రచురితమైంది.

సైగలు నేర్పితే పిల్లలు మాట్లాడటం మానేస్తారని భయపడేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. మా పాప ఇప్పుడు నాతో చేత్తో, మా అత్తగారితో నోటితో మాట్లాడుతుంది, ఎవరితో ఏది వాడాలో తడుముకోదు. పిల్లలకి చెప్పాలనే తపన ఉంటుంది. దారి ఏదైనా ఇవ్వండి, మూయకండి.

పదనిసలు | మంగళవారం, రాత్రి 9:30

చేతిమాట గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను.

వినపడే పిల్లల్లో కూడా చెయ్యి నోటికంటే ముందు నడుస్తుంది. 2005లో 10 మంది పిల్లల్ని 10వ నెల నుంచి 24వ నెల దాకా గమనించిన అధ్యయనం ఒకటుంది. పిల్లలు ముందు వేలు పెట్టి చూపించిన వస్తువుల పేర్లే తర్వాత మాటలుగా వచ్చాయి. వేలు ఒకటి, మాట ఒకటి కలిపి చెప్పడం (కుర్చీ చూపించి "అమ్మ" అనడం లాంటిది) ముందు మొదలైన పిల్లలు, రెండు మాటలు కలపడం కూడా ముందే మొదలుపెట్టారు.

మబ్బుచెల్లెలు గారూ, మీ బాబు అలా కలుపుతాడేమో గమనించండి.

అమ్మమ్మకబుర్లు | బుధవారం, ఉదయం 7:15

నాన్న గారూ, మొన్న మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను తొందరపడి ధైర్యం చెప్పేశాను. మా రోజుల్లో ఈ పరీక్షలు లేవు, వాడికి మాట వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోతే ఏమయ్యేదో. పరీక్షకి వెళ్ళు తల్లీ.

నాదో సందేహం. మనవరాలితో నేను ముద్దుముద్దుగా, గొంతు సాగదీసి మాట్లాడతాను. కోడలు "అలా మాట్లాడితే దానికీ అలాగే వస్తుంది అత్తయ్యా" అంటుంది. నేను తప్పు చేస్తున్నానా?

ధ్వనిపాఠం | బుధవారం, మధ్యాహ్నం 12:50

మీరిద్దరూ సగం సగం రైటే అమ్మా. గొంతు పెంచి, సాగదీసి, నెమ్మదిగా, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటం పసిపిల్లలకి ఎంతో ఇష్టం. నాలుగు నెలల పిల్లలు మామూలు మాటకంటే దాన్నే ఎంచుకుని వింటారు. సాగదీసినప్పుడు అచ్చులు విప్పారి, మాట అంచులు తెలుస్తాయి. అది మానకండి. మాటని మాత్రం చెడగొట్టకండి. పాప కాకిని "తాతి" అంటే మీరూ "తాతి" అనక్కర్లేదు, తప్పని దిద్దనూ అక్కర్లేదు. "అవును, కాకి! కాకి ఎగిరిపోయింది!" అంటే చాలు. దాని మాట మీకు అర్థమైందని తెలుస్తుంది, సరైన రూపమూ చెవిన పడుతుంది, ఇంకో మాట కూడా తోడొస్తుంది.

క కి బదులు త రావడం ఈ వయసులో మామూలే. నాలుక వెనక భాగం ఎత్తి పలకడం కష్టం, ముందు భాగం సులువు. ర, ళ ఇంకా ఆలస్యంగా వస్తాయి.

పదనిసలు | బుధవారం, మధ్యాహ్నం 1:35

పెదవులు మూసి తెరిస్తే మ, బ, ప. నాలుక కొస తాకిస్తే త, న. పసినోటికి ముందు అందేవి ఇవే. అమ్మ, మామ, నాన్న, తాత, అత్త: మన దగ్గరి చుట్టాల పేర్లన్నీ ఆ శబ్దాల మీదే ఎలా కట్టుకున్నాయో చూడండి. దూరంగా ఉన్న, సంబంధం లేని భాషల్లో కూడా మామా, పాపా లాంటివే ఎందుకుంటాయని రోమన్ యాకబ్సన్ ఇదే కోణంలో రాశాడు. పిల్లలు పలికినదాన్ని పెద్దవాళ్ళు తమ పేరుగా చేసుకున్నారని నాకనిపిస్తుంది.

ఇద్దరబ్బాయిలనాన్న | బుధవారం, రాత్రి 10:05

వీడియోల సంగతి ఎవరైనా చెప్పండి. మా రెండోవాడికి 15 నెలలు. అక్షరాలు, జంతువుల పేర్లు నేర్పే వీడియోలు పెడితే మాటలు తొందరగా వస్తాయని ఆఫీసులో అందరూ పెడుతున్నారు.

పదనిసలు | బుధవారం, రాత్రి 10:50

పాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఉంది. అమెరికాలో 9 నెలల పిల్లలకి 12 విడతల్లో చైనా వాళ్ళ మాండరిన్ వినిపించారు. ఒక గుంపుకి మనిషి ఎదురుగా కూర్చుని, బొమ్మలు చూపిస్తూ. ఇంకో గుంపుకి అదే మనిషిని తెర మీద. మనిషి దగ్గర విన్నవాళ్ళు మాండరిన్ శబ్దాల తేడా పట్టారు. తెర మీద చూసినవాళ్ళు కళ్ళార్పకుండా చూశారు గానీ, ఏమీ పట్టలేదు. అదే మాట, అదే గొంతు. లేనిదల్లా పిల్లాడు చూసినప్పుడు తిరిగి చూసే కళ్ళు.

అయితే వీడియో కాల్ వేరు. అవతలివాళ్ళు పిల్ల చేసినదానికి అప్పటికప్పుడు బదులిస్తే, రెండేళ్ళు దాటిన పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారని 2014లో చూపించారు. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

మబ్బుచెల్లెలు | బుధవారం, రాత్రి 11:30

ఒకటి అడగాలి. నేను మాట్లాడకపోవడం వల్లే అన్నారు కదా. కలిగిన ఇళ్ళ పిల్లలు వినే మాటలకీ పేద ఇళ్ళ పిల్లలు వినే మాటలకీ 3 కోట్ల తేడా అని ఎక్కడో చదివాను. అప్పటి నుంచి ఇంట్లో నోరు మూయకుండా వాగుతున్నాను. గొంతు పోయింది.

పదనిసలు | గురువారం, ఉదయం 7:50

ఆ అంకె 1995లో వచ్చిన పని నుంచి. 42 కుటుంబాల ఇళ్ళల్లో నెలకి ఒక గంట రికార్డు చేసి, దాన్నుంచి గుణించి వేసిన అంచనా. ఆ తేడా అంత ఉండదనీ, చుట్టూ ఉన్నవాళ్ళందరి మాటలూ లెక్కించాలనీ తర్వాత 2019లో గట్టి విమర్శ వచ్చింది. ఒక తల్లి మీద వేలెత్తి చూపడానికి ఆ అంకె పనికిరాదు. ఎన్ని మాటలు చెవిన పడ్డాయన్నదానికంటే, ఎన్నిసార్లు మాట అటూ ఇటూ మారిందన్నది పిల్లల మెదడులో భాషకి సంబంధించిన చోట ఎక్కువ ప్రభావం చూపినట్టు 2018లో 4 నుంచి 6 ఏళ్ళ పిల్లల మీద చేసిన పని చెప్పింది.

ఇంకో చిన్న సంగతి. వాడు కారు చూస్తుంటే "ఇటు చూడు, బంతి" అనేకంటే "కారు" అనడమే మేలు. పిల్లాడి చూపు ఎక్కడుందో అక్కడికి మాట వెళ్ళాలి.

ధ్వనిపాఠం | గురువారం, ఉదయం 8:20

గొంతుకి విశ్రాంతి ఇవ్వండి. మీరు ఆగకుండా మాట్లాడితే వాడికి వంతు ఎక్కడ దొరుకుతుంది? ఏదైనా అడిగి, మనసులో పది దాకా లెక్కపెట్టండి.

మీ వల్ల కాదమ్మా. విమానం చూపించి, మీరు చూసేదాకా వేలు దించని పిల్లాడు, చూపిస్తే చూసే అమ్మ ఉందని తెలిసిన పిల్లాడు.

మబ్బుచెల్లెలు | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:40

పరీక్ష అయ్యింది. కర్ణభేరి కదలిక చూసే పరీక్షలో ఎడమ చెవిలో కొద్దిగా నీరు ఉందన్నారు, కుడిది మామూలుగానే ఉంది. దానంతటదే తగ్గే అవకాశం ఎక్కువ, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు. నాన్న గారూ, మీరు ఆ రోజు రాయకపోతే నేను రెండేళ్ళు నిండేదాకా ఆగేదాన్ని. స్పీచ్ థెరపిస్ట్‌నీ కలిశాం. అర్థం చేసుకోవడం వయసుకి తగ్గట్టే ఉంది, పలకడం వెనకబడి ఉంది, ఆగక్కర్లేదు ఇప్పుడే మొదలుపెడదాం అన్నారు. వారానికి ఒకసారి వెళ్తున్నాం. ఎక్కువగా నాకే నేర్పుతున్నారు.

కాగితం రాశాను. ఆరు కాదు, పదిహేడు. "బుర్ర్" కారు. "మ్మ్" అంటే ఆవు. "ష్" అంటే నీళ్ళ పంపు. "ఫ్" అంటే లైటు ఆర్పమని, నోటితో ఊదుతాడు. ఇన్నాళ్ళూ వాడు చెప్తూనే ఉన్నాడు, నేనే విన్లేదు.

పదనిసలు గారు అడిగింది కూడా చూశాను. నిన్న మా వారి బూటు వేలు పెట్టి చూపించి "తాత" అన్నాడు. కాదు నాన్నా, నాన్నది అన్నాను. మళ్ళీ చూపించి, ఇంకా గట్టిగా, "తాత!" నేను పది దాకా లెక్కపెట్టాను. వాడు గుమ్మం దాకా నడిచి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు. మా నాన్నగారు పొద్దున వెళ్ళిపోయారు. ఆయన బూట్లు ఉండే చోటు అది.

అమ్మమ్మకబుర్లు | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:58

అది కూడా కాగితం మీద రాసుకో తల్లీ. తారీఖు వేసి.